యుద్ధంలో కాదు, రిపేరులో చేజారిన ఓడ: అమెరికన్ డిస్ట్రాయర్ స్టీవర్ట్

1942 మార్చి 25న అమెరికా నౌకాదళం తన జాబితాలోంచి యూఎస్‌ఎస్ స్టీవర్ట్ అనే డిస్ట్రాయర్ (వేగంగా తిరిగే చిన్న యుద్ధనౌక) పేరు కొట్టేసింది. జావా దీవిలోని సురబాయా రేవులో ఆ ఓడను పేల్చేసి, రిపేరు కోసం దాన్ని ఎక్కించిన డాక్‌తో సహా నీళ్లలో ముంచేశారు కాబట్టి ఇక దాని లెక్క ముగిసినట్టే అనుకున్నారు. ఎక్కువ కాలం ఆగకుండా ఆ పేరును కొత్తగా కట్టే మరో ఓడకు ఇచ్చేశారు కూడా. కొంతకాలానికి అమెరికన్ పైలట్ల నుంచి వింత కబుర్లు రావడం మొదలైంది. శత్రువు ఆధీనంలో ఉన్న సముద్రంలో, చాలా లోపలికి, ఒక అమెరికన్ యుద్ధనౌక తిరుగుతోందని. పొగగొట్టం చూస్తే జపాన్ ఓడల తీరులో ఉంది. కింద ఒడ్డూ పొడుగూ మాత్రం నాలుగు గొట్టాల పాత అమెరికన్ డిస్ట్రాయర్‌దే, పొరబడే వీల్లేదు.

అది స్టీవర్టే. దీన్ని 'పసిఫిక్ దెయ్యం ఓడ' అనడం పరిపాటి. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఆ పేరు అసలు సంగతిని మరుగున పడేస్తుంది. ఈ ఓడ జాతకం మలుపు తిరిగిన ప్రతిసారీ అక్కడ ఫిరంగుల పాత్ర తక్కువ. డాకులు, దూలాలు, బాయిలర్లు, రిపేరు చేసేవాళ్ల చేతులు, వాళ్లకు దొరికిన లేదా దొరకని సమయం, ఇవే తేల్చాయి. యుద్ధనౌకల చరిత్ర అనగానే యుద్ధాల జాబితా చదవడం అలవాటైనవాళ్లకు స్టీవర్ట్ కొంచెం ఇబ్బంది పెట్టే ఓడ.

యుద్ధం ముగిశాక పుట్టింది

స్టీవర్ట్‌కు కీల్, అంటే ఓడ అడుగున వెన్నెముక లాంటి భాగం, వేసింది 1919 సెప్టెంబర్ 9న, ఫిలడెల్ఫియాలోని విలియం క్రాంప్ అండ్ సన్స్ షిప్‌యార్డులో. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి పది నెలలైంది. జర్మన్ జలాంతర్గాములను తరమడానికి వందల కొద్దీ డిస్ట్రాయర్లు కావాలని యుద్ధకాలంలో ఆర్డర్లు ఇచ్చారు. షిప్‌యార్డులు ఊపందుకునేసరికి యుద్ధమే అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని అప్పట్లో ఎవరైనా అని ఉంటే తప్పు పట్టలేం. కాకపోతే ఆ ఆకులే ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో యుద్ధంలో పనికొచ్చాయి.

ఈ తరహా ఓడలు మొత్తం 273. కాల్డ్‌వెల్ తరగతివి 6, విక్స్ తరగతివి 111, స్టీవర్ట్ చెందిన క్లెమ్సన్ తరగతివి 156. అంతకుముందు డిస్ట్రాయర్లలో ముందు భాగం ఎత్తుగా ఉండి, ఓడను నడిపే గది దాటాక డెక్ ఒక మెట్టు కిందికి దిగేది. ఆ మెట్టు దగ్గర ఓడ బలహీనంగా ఉండేది. కొత్తవాటిలో ఆ మెట్టు తీసేసి ముక్కు నుంచి తోక దాకా డెక్ విరగకుండా సాగేలా కట్టారు. నాలుగు బాయిలర్లకు నాలుగు పొగగొట్టాలు వరసగా నిలబడి ఉంటాయి. అందుకే వీటిని నాలుగు గొట్టాల ఓడలనేవారు. పొడవు 314 అడుగులు, వెడల్పు 32 అడుగుల లోపు, వేగం 35 నాట్లు, అంటే గంటకు దాదాపు 65 కిలోమీటర్లు. నాలుగు అంగుళాల ఫిరంగులు నాలుగు, టార్పెడో గొట్టాలు పన్నెండు. కవచం లాంటిదేమీ లేదు. నావికులు డిస్ట్రాయర్లను రేకు డబ్బాలు అని పిలుచుకోవడం ఊరికే కాదు.

క్లెమ్సన్ తరగతిలో ప్రత్యేకం ఏమిటంటే ఇంధనం. విక్స్ ఓడలు అట్లాంటిక్ దాటడానికి ఆయిల్ చాలక అవస్థ పడేవి. అందుకని వీటిలో బాయిలర్ గదులకు రెండు పక్కలా అదనపు ట్యాంకులు పెట్టి సుమారు 100 టన్నుల ఆయిల్ ఎక్కువ పట్టేలా చేశారు. దూరం వెళ్లగలిగాయి. పక్క నుంచి గుండు తగిలితే ఆయిల్‌కు నిప్పంటుకునే ప్రమాదమూ పెరిగింది. ఇంకో సంగతి, పొడవుకీ వెడల్పుకీ నిష్పత్తి దాదాపు పదికి ఒకటి. వేగం కోసం ఓడను ఇంత సన్నగా, అడుగున కత్తివాటుగా చెక్కారు. నీళ్లలో ఉన్నంతసేపూ అది లాభం. నీళ్లలోంచి పైకి తీసినప్పుడు అదే సమస్య అవుతుంది. సురబాయాలో ఈ సంగతి మళ్లీ ఎదురవుతుంది.

పేరు చార్లెస్ స్టీవర్ట్ అనే రియర్ అడ్మిరల్‌ది. అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1812లో మొదలైన యుద్ధంలో యూఎస్‌ఎస్ కాన్‌స్టిట్యూషన్‌కు కెప్టెన్‌గా ఉండి, 1815 ఫిబ్రవరి 20 రాత్రి ఒకే పోరులో రెండు బ్రిటిష్ ఓడల్ని పట్టుకున్నవాడు. ఐర్లండ్ స్వపరిపాలన ఉద్యమ నాయకుడు చార్లెస్ స్టీవర్ట్ పార్నెల్‌కు ఈయన స్వయానా తాత. ఆ ఫిబ్రవరి 20 అనే తేదీని ఒకసారి మనసులో పెట్టుకోండి.

చైనా తీరంలో ఇరవై ఏళ్లు

1920 సెప్టెంబర్ 15న సేవలో చేరిన స్టీవర్ట్, 1922 జూన్ 20న న్యూపోర్ట్ నుంచి బయల్దేరింది. మధ్యధరా, హిందూ మహాసముద్రాల మీదుగా ఆగస్టు చివరికి చైనాలోని చీఫూ రేవుకు చేరి ఏషియాటిక్ ఫ్లీట్‌లో కలిసింది. మళ్లీ అమెరికా నేల ముఖం చూడటానికి దానికి ఇరవై మూడేళ్లకు పైనే పట్టింది.

ఏషియాటిక్ ఫ్లీట్ పేరుకే ఫ్లీట్. పెద్ద యుద్ధం చేసేంత బలం దానికి ఎప్పుడూ లేదు. ఎండాకాలం ఉత్తర చైనా తీరంలో, చలికాలం ఫిలిప్పీన్స్‌లో మకాం. మధ్యలో యాంగ్‌ట్సీ నదిలో, షాంఘైలో అమెరికన్ల ఆస్తులకీ ప్రాణాలకీ కాపలా. 1923 సెప్టెంబర్‌లో జపాన్‌లో మహా భూకంపం వచ్చి టోక్యో, యోకోహామా నేలమట్టమైనప్పుడు స్టీవర్ట్ 6వ తేదీకల్లా యోకోసుకా చేరింది. 21వ తేదీ దాకా అక్కడే ఉండి సహాయ పనులు, వైర్‌లెస్ సమాచారం చూసుకుంది. తర్వాతి ఏడాది అమెరికా సైన్యం విమానాలు ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయల్దేరితే, వాటికి దారిలో తోడుగా నిలిచిన డిస్ట్రాయర్లలో ఇదీ ఒకటి. కురిల్ దీవుల్లోని హితొకప్పు ఖాతంలోనూ షాంఘైలోనూ ఆ పని చేసింది. పదిహేడేళ్ల తర్వాత, 1941 నవంబర్ 26న, పెర్ల్ హార్బర్ మీద దాడికి జపాన్ విమానవాహక నౌకలు బయల్దేరింది ఆ హితొకప్పు ఖాతం నుంచే.

మిగతా సంవత్సరాలు పెద్దగా చెప్పుకోదగ్గవి కావు. ఓడ ముసలిదైంది, అంతే. అమెరికాలో కొత్త తరాల డిస్ట్రాయర్లు వచ్చేశాయి. ఫార్ ఈస్ట్‌లో మాత్రం ఈ నాలుగు గొట్టాల ఓడలే పదమూడు, వాటి వెనక రిపేర్లకి బ్లాక్ హాక్ అనే ఒక టెండర్ ఓడ, మనీలా పక్కన కవీటె నేవీ యార్డు.

1941 నవంబర్ చివర్లో, యుద్ధం తప్పదని తేలిపోయాక, అడ్మిరల్ థామస్ హార్ట్ తన ఓడల్ని మనీలా నుంచి దక్షిణానికి పంపేశాడు. స్టీవర్ట్ బోర్నియోలోని తరకాన్ దగ్గర, మార్బుల్‌హెడ్ అనే క్రూజర్‌తో (డిస్ట్రాయర్ కన్నా పెద్ద యుద్ధనౌక) పాటు ఉండగా యుద్ధం మొదలైంది. డిసెంబర్ 10న జపాన్ బాంబర్లు కవీటె యార్డును తగలబెట్టేశాయి. ఏషియాటిక్ ఫ్లీట్ కథలో ఇది మునిగిన ఏ ఓడ కన్నా పెద్ద దెబ్బ. ఆ రోజు నుంచి దెబ్బతిన్న అమెరికన్ ఓడ ఏదైనా, జావా, చుట్టుపక్కల దీవుల్ని అప్పుడు ఏలుతున్న డచ్చివాళ్ల రేవులకే పోవాలి, డచ్చివాళ్ల డాకుల్లో ఖాళీ ఉంటేనే ఎక్కాలి. 1942 ఫిబ్రవరి 4న విమానాల బాంబులకి మార్బుల్‌హెడ్ నుజ్జయినప్పుడు స్టీవర్ట్ దాన్ని కాపాడుకుంటూ జావా దక్షిణ తీరంలోని చిలచప్ రేవుకు తీసుకొచ్చింది. అక్కడి ఫ్లోటింగ్ డాక్ ఆ క్రూజర్‌కు చాల్లేదు. ముక్కు వైపు మాత్రం ఎత్తి, పైపైన అతుకులు వేసి పంపేశారు. మార్బుల్‌హెడ్ సిలోన్, దక్షిణాఫ్రికా మీదుగా ఈడ్చుకుంటూ న్యూయార్క్ దాకా పోయి బతికింది. స్టీవర్ట్‌కు ఆ అదృష్టం దక్కలేదు.

బాడుంగ్ జలసంధి, ఆ తర్వాత డాక్

ఫిబ్రవరి 19 నాటికి జపాన్ సేనలు బాలి దీవిలో దిగాయి. అక్కడి విమానాశ్రయం వాళ్ల చేతిలో పడితే జావా ఊపిరి సలపదు. డచ్ రియర్ అడ్మిరల్ కారెల్ డోర్మన్ తన ఓడల్ని ఒకేచోట కూడగట్టే వ్యవధి లేక అలలు అలలుగా పంపాడు. మొదటి అలలో రెండు డచ్ క్రూజర్లు, కొన్ని డిస్ట్రాయర్లు. వచ్చాయి, పేల్చాయి, పీట్ హైన్ అనే డచ్ డిస్ట్రాయర్‌ను పోగొట్టుకుని వెళ్లిపోయాయి. అర్ధరాత్రి దాటాక రెండో అల. ముందు నాలుగు అమెరికన్ డిస్ట్రాయర్లు, వెనక ట్రాంప్ అనే డచ్ క్రూజర్. వరసలో మొట్టమొదట స్టీవర్ట్. వెనక పారట్, జాన్ డి. ఎడ్వర్డ్స్, పిల్స్‌బరీ. తేదీ ఫిబ్రవరి 20. ఓడకు పేరిచ్చిన పెద్దాయన రెండు ఓడల్ని పట్టుకున్న రాత్రికి సరిగ్గా 127 ఏళ్లు. చరిత్రకు అప్పుడప్పుడు ఇలాంటి సరదాలుంటాయి, వాటికి అర్థం వెతకనక్కర్లేదు.

అమెరికన్ల టార్పెడోలు ఒక్కటీ పని చేయలేదు. జపాన్ డిస్ట్రాయర్లు సెర్చ్‌లైట్లు వేసి ఫిరంగులు పేల్చాయి. స్టీవర్ట్‌కు టార్పెడో ర్యాకుల దగ్గర ఒకటి తగిలింది, వంటగదికి ఒకటి తగిలింది. పక్కన పడ్డ గుళ్లకి పడవలు ముక్కలయ్యాయి. అసలు దెబ్బ తోక భాగంలో, నీటి మట్టానికి రెండడుగుల కింద. రేకుల అతుకులు విడిపోయి, చుక్కానిని తిప్పే ఇంజిన్ ఉన్న గదిలోకి నీళ్లు పోటెత్తాయి. ఆ ఇంజిన్ రెండడుగుల నీళ్లలో మునిగి కూడా ఆగలేదు. చుక్కాని తిరుగుతూనే ఉంది. ఓడ వరస తప్పకుండా పోరు ముగించి, తెల్లవారాక సురబాయా చేరింది. ఇరవై రెండేళ్ల పాత యంత్రం చేసిన పనిగా చూస్తే ఆ రాత్రి స్టీవర్ట్ గెలిచినట్టే. పోరు మొత్తంగా మాత్రం జపాన్‌దే. వాళ్ల మిచిషియో డిస్ట్రాయర్ తీవ్రంగా దెబ్బతిన్నా బాలి వాళ్లకే దక్కింది.

దెబ్బతిన్న ఓడల్లో స్టీవర్ట్‌దే ఎక్కువ అవసరం కాబట్టి ఫిబ్రవరి 22న దాన్నే ముందుగా ఫ్లోటింగ్ డ్రై డాక్‌లోకి ఎక్కించారు. ఈ డాక్ పని చేసే తీరు సులువుగానే ఉంటుంది. తన ట్యాంకుల్లోకి నీళ్లు నింపుకుని డాక్ కిందికి దిగుతుంది. ఓడ లోపలికి వస్తుంది. ఓడ వెన్నెముక లాంటి కీల్ సరిగ్గా మధ్యలో వరసగా పేర్చిన దిమ్మెల మీద కూర్చునేలా సరిచేస్తారు. తర్వాత పంపులతో నీళ్లు తోడేస్తుంటే డాక్ ఓడను ఎత్తుకుంటూ పైకి లేస్తుంది. కష్టమంతా మధ్యలో వచ్చే కొద్ది నిమిషాల్లో ఉంది. అప్పటిదాకా ఓడను నిలబెట్టింది నీళ్లు. ఆ నీళ్లు తగ్గేకొద్దీ బరువు దిమ్మెల మీదికి వస్తుంది. దిమ్మెలు బరువు మోస్తాయే తప్ప ఓడ పక్కకి వాలకుండా ఆపలేవు. ఆ పని రెండు పక్కలా డాక్ గోడల నుంచి ఓడకు ఆన్చే దూలాలది. అడుగు చదునుగా ఉన్న సరుకు ఓడ అయితే కొంచెం అటూ ఇటైనా నిలబడుతుంది. 314 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పుతో కత్తిలా ఉన్న ఓడకు దూలాలే దిక్కు.

ఆ దూలాలు సరిగ్గా పడలేదు. డాక్ లేస్తుండగా స్టీవర్ట్ దిమ్మెల మీద నుంచి జారి, పన్నెండడుగుల నీళ్లలో పక్కకి ఒరిగి పడిపోయింది. ప్రొపెల్లర్ షాఫ్టులు వంగిపోయాయి. ఒళ్లంతా కొత్త దెబ్బలు. జపాన్ ఫిరంగులు చేయలేని పని ఒక డాక్ చేసేసింది.

తప్పెవరిదని అడిగితే డచ్ డాక్ సిబ్బంది వైపు వేలు చూపించడం సులువు. ఆ రోజుల్లో సురబాయా ఎలా ఉందో కూడా చూడాలి. విమానాలు రోజూ వచ్చి బాంబులేస్తున్నాయి. మామూలు రోజుల్లో ఓడ కొలతల ప్రకారం దిమ్మెలు పేర్చి, డైవర్లను దించి చూసుకుని చేసే పనిని టెన్షన్‌లో, తొందరలో చేశారు. కవీటె యార్డు నిలిచి ఉంటే ఈ ఓడను ఎరిగినవాళ్ల చేతుల్లోనే ఆ పని జరిగేది.

ముంచారు, కానీ సరిగ్గా ముంచలేదు

పక్కకి ఒరిగిన ఓడను మళ్లీ నిలబెట్టి రిపేరు చేసే వ్యవధి లేదు. సిబ్బంది పనికొచ్చే సామాను ఊడదీసుకుని అదే మధ్యాహ్నం వెళ్లిపోయారు. ఓడ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ హెరాల్డ్ పేజ్ స్మిత్ ఆ తర్వాత నాలుగు నక్షత్రాల అడ్మిరల్ అయి, 1960లలో అట్లాంటిక్‌లో నాటో నౌకాదళాలకు అధిపతి అయ్యాడు. ఓడను నాశనం చేసే బాధ్యత ఒడ్డున ఉన్న అధికారులకు అప్పగించారు. మార్చి 2న ఓడ లోపల పేలుడు పదార్థాలు పెట్టి పేల్చారు. దానికి తోడు ఒక జపాన్ బాంబు కూడా ఓడ నడుమన పడింది. రేవు ఖాళీ చేసే ముందు డాక్‌నే ముంచేశారు.

కాగితం మీద చూస్తే మూడు రకాల చావు. నిజానికి ఓడ పడింది తక్కువ లోతులో, అలల్లేని రేవు మధ్యలో, చుట్టూ వర్క్‌షాపులున్న చోట, పైగా ఒక డాక్ ఒడిలో. లోతైన సముద్రంలోకి లాక్కెళ్లి ముంచి ఉంటే ఎవరూ తీసేవాళ్లు కాదు. షాఫ్టులు వంగి, ఒరిగి ఉన్న ఓడను బాంబుల మధ్య అంత దూరం లాక్కెళ్లడం ఎవరి వల్ల అయ్యేది? కాబట్టి నిర్ణయాన్ని తప్పనడం కష్టం. పని పూర్తయిందని నమ్మేయడాన్ని మాత్రం తప్పనవచ్చు.

డాక్ విలువ ఎంతో తెలియాలంటే అదే నెలలో భూమికి ఇంకో వైపు జరిగింది చూడాలి. స్టీవర్ట్ పేరు కొట్టేసిన మూడు రోజులకు, మార్చి 28న, బ్రిటిష్‌వాళ్లు ఇలాంటిదే మరో నాలుగు గొట్టాల పాత అమెరికన్ డిస్ట్రాయర్‌ను ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ రేవు మీదికి తోలారు. 1940లో అమెరికా బ్రిటన్‌కు ఇచ్చిన 50 పాత ఓడల్లో అది ఒకటి. అసలు పేరు బ్యుకానన్, బ్రిటిష్ పేరు క్యాంప్‌బెల్‌టౌన్. ముక్కులో టన్నుల కొద్దీ పేలుడు పదార్థం నింపి డ్రై డాక్ గేటును ఢీకొట్టించారు. కొన్ని గంటల తర్వాత అది పేలి డాక్ యుద్ధం ముగిసేదాకా పనికిరాకుండా పోయింది. ఆ దాడిలో 169 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ అట్లాంటిక్‌లోకి వస్తే దానికి రిపేరు చేసే చోటు ఉండకూడదన్నది ఒక్కటే లక్ష్యం. ఒక డాక్ కోసం ఓడనీ, అంతమంది మనుషుల్నీ పణంగా పెట్టడం వెర్రి అనిపిస్తుంది. సురబాయాలో జరిగింది చూశాక అనిపించదు.

జావా పడిపోవడం తెలుగు నేలకు కూడా దూరపు వార్త కాలేదు. డచ్ దీవుల అడ్డు తొలగడంతో జపాన్ ఓడలు బంగాళాఖాతంలోకి వచ్చాయి. సురబాయాలో స్టీవర్ట్‌ను ముంచిన ఐదు వారాలకు, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు పడ్డాయి.

గస్తీ ఓడ నంబర్ 102

జపాన్‌వాళ్లు ఈ ముసలి ఓడను ఎందుకు తీశారు? మొదట్లో పట్టించుకోలేదు. దాదాపు ఏడాది అది నీళ్లలోనే ఉంది. 1943 ఫిబ్రవరిలో పైకి తీశారు, సెప్టెంబర్ 20న గస్తీ ఓడ నంబర్ 102గా సేవలో చేర్చుకున్నారు. ఈ ఆలస్యంలోనే జవాబు ఉంది. యుద్ధం మొదలైనప్పుడు జపాన్ నౌకాదళం దృష్టంతా పెద్ద సముద్రపోరు మీదే. ఆగ్నేయాసియా నుంచి ఆయిల్, రబ్బరు, లోహాలు మోసుకొచ్చే సరుకు ఓడలకు కాపలా అనే పని వాళ్లకు చిన్నతనంగా కనిపించింది. 1943 వచ్చేసరికి అమెరికన్ జలాంతర్గాములు ఆ సరుకు ఓడల్ని వరసగా ముంచుతున్నాయి. కాన్వాయ్‌ల (కాపలాతో గుంపుగా సాగే సరుకు ఓడలు) కోసం ప్రత్యేకంగా ఒక కమాండ్ పెట్టుకున్నది ఆ ఏడాది నవంబర్‌లో. అప్పటికి కాపలా పనికి తేలే ప్రతి రేకూ విలువైనదే అయింది. హాంకాంగ్‌లో చిక్కిన బ్రిటిష్ డిస్ట్రాయర్ థ్రేసియన్ వాళ్ల గస్తీ ఓడ నంబర్ 101. ఫిలిప్పీన్స్‌లో దొరికిన అమెరికన్ మైన్‌స్వీపర్ ఫించ్ నంబర్ 103. మధ్యలోది స్టీవర్ట్.

కాపలా పనికి 35 నాట్ల వేగం అక్కర్లేదు, పన్నెండు టార్పెడోలూ అక్కర్లేదు. మూడంగుళాల ఫిరంగులు రెండు పెట్టారు. పొగగొట్టాల్ని జపాన్ పద్ధతిలో వంచి కలిపారు. అమెరికన్ పైలట్లకు తికమక పెట్టింది ఆ గొట్టమే. జలాంతర్గాముల్ని వేటాడటం కోసమే ఈ తరహా ఓడల్ని 1917లో ఆర్డర్ చేసింది అమెరికా. స్టీవర్ట్‌కు ఆ పని చాలాకాలం చేయాల్సి వచ్చింది జపాన్ జెండా కింద, అమెరికన్ జలాంతర్గాముల మీద.

1944 ఆగస్టు 24న అది ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ పశ్చిమ తీరంలో ఉంది. తోడు ఉన్న సీడీ-22 అనే కాపలా ఓడ నీళ్ల లోపల పేలే డెప్త్ చార్జ్ బాంబులతో హార్డర్ అనే అమెరికన్ జలాంతర్గామిని ముంచేసింది. కమాండర్ శామ్యూల్ డీలీతో సహా అందులో ఉన్నవాళ్లెవరూ మిగల్లేదు. హార్డర్ ఆ యుద్ధంలో పేరు మోసిన జలాంతర్గాముల్లో ఒకటి, డీలీకి మరణానంతరం అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. స్టీవర్ట్ స్వయంగా ముంచలేదు సరే, ముంచిన జట్టులో ఉంది.

ఆ నవంబర్‌లో రిపేర్ల కోసం జపాన్‌లోని కురె రేవు చేరింది. విమాన విధ్వంసక తుపాకులు పెంచారు, ముందు భాగంలో మూడు కాళ్ల తేలికపాటి స్తంభం పెట్టారు. మళ్లీ దక్షిణానికి బయల్దేరితే దారి లేదు, ఫిలిప్పీన్స్‌ను అమెరికా తిరిగి గెలుచుకుంటోంది. 1945 ఏప్రిల్ 28న కొరియాలోని మొక్పొ దగ్గర అమెరికా సైన్యం విమానాలు బాంబులేసి దాన్ని దెబ్బతీశాయి. తర్వాత కురె నౌకా జిల్లా చేతికి వెళ్లింది. యుద్ధం ముగిశాక అమెరికన్లు వెళ్లి చూస్తే కురె పక్కన హిరో ఖాతంలో లంగరేసి, పని లేక పడి ఉంది.

పేరు లేకుండా తిరిగొచ్చింది

1945 అక్టోబర్ 29న కురెలోనే దాన్ని తిరిగి అమెరికా నౌకాదళంలో చేర్చుకున్నారు. చిక్కు పేరు దగ్గర వచ్చింది. స్టీవర్ట్ అనే పేరుతో డీఈ-238 అనే ఎస్కార్ట్ ఓడ అప్పటికే తిరుగుతోంది. అందుకని తిరిగొచ్చిన ఓడకు డీడీ-224 అన్న నంబరు తప్ప పేరు దక్కలేదు. సిబ్బంది ఊరుకోలేదు, ర్యాంప్-224 అని పిలుచుకున్నారు. శత్రు చెరలోంచి విడిపించిన మిత్రరాజ్యాల సైనికులకు అప్పట్లో వాడే సంక్షిప్త నామం ర్యాంప్. ఓడను కూడా యుద్ధఖైదీ లెక్కలో వేశారన్నమాట.

అమెరికా దాకా సొంత ఇంజిన్లతో రావాలన్నది కోరిక. పసిఫిక్‌లోని గువామ్ దీవి దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్లు మొరాయించాయి. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఫిలడెల్ఫియాలో పుట్టి, సురబాయాలో ఏడాది ఉప్పునీళ్లలో నాని, జపాన్ మెకానిక్‌ల చేతుల్లో దొరికిన సామానుతో నడిచిన యంత్రాలవి. 1946 మార్చి మొదట్లో తాడు కట్టి లాక్కొస్తే శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. తూర్పు తీరం నుంచి తూర్పుగా బయల్దేరిన ఓడ భూగోళాన్ని దాదాపు చుట్టి పడమటి తీరానికి వచ్చింది.

ఇంత శ్రమపడి తెచ్చింది ఎందుకంటే జవాబు ఇబ్బందిగా ఉంటుంది. ఏప్రిల్ 17న రెండోసారి జాబితాలోంచి పేరు కొట్టేశారు. మే 24న శాన్ ఫ్రాన్సిస్కో బయట సముద్రంలో విమానాలకు గురి నేర్పే లక్ష్యంగా వాడి ముంచేశారు. తుక్కుగా కొట్టడం కన్నా గౌరవమైన ముగింపని అప్పట్లో సమర్థించుకుని ఉండొచ్చు. రాకెట్లకీ గుళ్లకీ రెండు గంటల పైచిలుకు ఓర్చుకుంది. నాలుగేళ్ల కిందట సురబాయాలో పేల్చినవాళ్ల కన్నా ఈసారి పని గట్టిగానే చేశారు, లోతైన నీళ్లలో చేశారు.

అందుకే మళ్లీ కనపడటానికి 78 ఏళ్లు పట్టింది. 2024 ఆగస్టు 1న ఓషన్ ఇన్ఫినిటీ అనే సముద్ర సర్వే సంస్థ మనుషులు లేకుండా నడిచే మూడు జలాంతర వాహనాలతో 37 చదరపు నాటికల్ మైళ్ల ప్రాంతాన్ని జల్లెడ పట్టింది. ఓడను చివరిసారి లాక్కెళ్లిన టగ్ బోటు రికార్డులు చోటును తేల్చుకోవడానికి పనికొచ్చాయి. దాదాపు 3,500 అడుగుల లోతులో, పెద్దగా విరగకుండా, నిటారుగా కూర్చుని కనిపించింది. హార్డర్ శిథిలాన్ని గుర్తించినట్టు ప్రకటించింది కూడా అదే ఏడాది మే నెలలోనే. 1944లో ఎదురెదురుగా నిలిచిన రెండు అమెరికన్ ఓడలు ఒకే ఏడాది వార్తల్లోకి వచ్చాయి.

నౌకా చరిత్రకారులకు ఈ శిథిలం ముఖ్యం. ఈ తరహా ఓడలు 273 కడితే దాదాపు అన్నీ తుక్కు కిందో, సముద్రం పాలో అయ్యాయి. ఇంత పూర్తిగా మిగిలింది దొరకడమే అరుదు, పైగా దీని మీద రెండు నౌకాదళాల పనితనం ఉంది. జపాన్‌వాళ్లు ఎక్కడ కోసి ఎక్కడ అతికారో ఫొటోల్లో కన్నా రేకుల మీదే బాగా తెలుస్తుంది. అది ఉన్న చోటు కార్డెల్ బ్యాంక్ జాతీయ సముద్ర అభయారణ్యం, ఓడ ఇప్పటికీ అమెరికా ప్రభుత్వ ఆస్తి. మునిగిన సైనిక నౌకల గురించి 2004లో చేసిన చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. స్టీవర్ట్ అన్న పేరున్న ఓడ ఎక్కి చూడాలనుకునేవాళ్లు టెక్సస్‌లోని గాల్వెస్టన్ వెళ్లాలి. పాతది పోయిందనుకుని పేరు పెట్టిన డీఈ-238 అక్కడ మ్యూజియంగా ఉంది.